పాల ప్రోగ్రాం ఎవరిదనే వ్యాజ్యం

కొత్తగా నల్లకోటు తొడుక్కున్న పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "మేడం, మీరు కేజీఎఫ్‌లో కూర్చుని సాఫ్ట్‌వేర్ కేసులు ఎట్లా చేసినారు? అవన్నీ బెంగళూరోళ్ళవి కదా?" అడిగేటప్పుడు వాళ్ళ ముఖంలో కొంచెం జాలి కూడా కనబడుతుంది. నాకు ఒళ్ళు మండుతుంది. తన పనిని ఎవరో కాజేశారని చెప్పుకునే మనిషి తానున్న జిల్లా కోర్టులోనే దావా వేసుకోవచ్చని కాపీరైటు చట్టంలోనే రాసి ఉంది. ఆ పుట వరకు చదివే ఓపిక లేక కక్షిదారుల్ని బెంగళూరు బస్సెక్కించేవాళ్ళని నేను చాలామందిని చూశాను.

నేనిప్పుడు కోర్టుకు పోవడం మానేశాను. పొద్దున రాగి సంగటి, వేరుశనగ పచ్చడి తిని, రాబర్ట్‌సన్‌పేటలో మా ఇంటి మెట్ల మీద ఎండకు కూర్చుంటే చాలు, నాకు హాయిగా ఉంది. ఎన్ని కేసులు గెలిచాను, బార్‌లో ఏ పదవులు చేశాను అనే సోదంతా రాయను. అడిగేవాళ్ళకు ప్రతిసారీ నోటితో చెప్పి చెప్పి గొంతు పోతోంది కాబట్టి, నాకు పని నేర్పిన రెండు కేసులు ఇక్కడ పెడుతున్నాను. అందులో మొదటిది చిన్నది.

రాయి, పొడి

మా నాయన పలమనేరు అవతల పల్లె నుంచి వచ్చి కేజీఎఫ్‌లో చాంపియన్ రీఫ్స్ బంగారు గనిలో దిగినవాడు. మేము గని కూలీల లైన్ ఇళ్ళలో పుట్టి పెరిగినవాళ్ళం. నేను లా చదివి వచ్చి ఒక పెద్దాయన దగ్గర జూనియర్‌గా చేరాను. ఆయన తమిళం, తెలుగు, కన్నడం, ఇంగ్లీషు నాలుగూ ఒకే వాక్యంలో మాట్లాడేవాడు. కోపం వస్తే మాత్రం శుద్ధమైన తెలుగు వచ్చేది.

ఒకసారి మా లైన్‌లోనే ఉండే ఒకాయన్ని టిఫిన్ డబ్బాలో బంగారు రాతిపొడితో పట్టుకున్నారు. ఆయన తరఫున మా సీనియర్ వాదన రెండు రకాలు. ఇది రాయి కాదు, ఉత్త పొడి, కనుక గనివాళ్ళ రాయిని ఎత్తుకెళ్ళాడనడానికి వీల్లేదన్నది ఒకటి. బంగారం తీసేశాక పారబోసిన సైనైడ్ దిబ్బల నుంచి గాలికి లేచే పొడి ఊరంతా పడుతూనే ఉంటుంది, ఇది అదే అన్నది రెండోది. అవతలి లాయరు రెండు కాగితాల మీద రెండు రకాల పొడి పోసి జడ్జి ముందు పెట్టాడు. దిబ్బ పొడి పిండిలా మెత్తగా ఉంది. డబ్బాలోది వేళ్ళకు గరుకుగా తగిలింది. జడ్జి రెంటినీ నలిపి చూసి చేతులు దులుపుకున్నాడు. "మిషన్లో వేసి పొడి చేసినంత మాత్రాన రాయి సొంతదారు మారిపోడు" అన్నాడు.

ఓడిపోయి బయటికి వచ్చాక మా సీనియర్ నామీద విరుచుకుపడ్డాడు. "మనం మిల్లుకు పోయి చూసుండాలమ్మా! ఆ పొడి ఎట్లా తయారవుతుందో చూడకుండా కోర్టులో నోరు తెరిచాం. ఛీ!" తిట్టింది నన్నే అయినా తన్ను కూడా కలుపుకుని తిట్టుకున్నాడు గనుక నాకు కోపం రాలేదు. ఆ రోజు నుంచి ఏ వస్తువు గురించి వాదించాలన్నా ముందు ఆ వస్తువు తయారయ్యే చోటికి, వాడే చోటికి పోయి కూర్చోవడం అలవాటు చేసుకున్నాను.

గనులు మూతపడ్డాయి. పొడి కేసులూ పోయాయి. ఆ జడ్జి మాట మాత్రం నాకు చాలా ఏళ్ళ తర్వాత ఇంకో రకంగా పనికొచ్చింది.

డైరీ నుంచి వచ్చిన మనిషి

ఒకరోజు నా ఆఫీసుకు నాగరత్న వచ్చింది. బైరకూరు పక్క పల్లె. కోలారులో ఇంజనీరింగ్ చదివి, పెళ్ళయ్యాక కూడా పుట్టింటి ఊళ్ళోనే ఉంటూ పల్లెల్లో పాల సొసైటీలకు కంప్యూటర్ పని చేసిపెట్టే మనిషి. మా వైపు పాల సొసైటీని డైరీ అంటారు. వెంట వాళ్ళ నాయన మునెప్ప. ఆ ఊరి డైరీకి ఆయనే సెక్రెట్రీ.

నాగరత్న చేతిలో లాయరు నోటీసు ఉంది. దాన్ని బల్ల మీద పెట్టిందో విసిరిందో చెప్పలేను.

"లాయరమ్మా, నేను రాసిన ప్రోగ్రాంని నేనే దొంగిలించినానంట! ఇంగ నేనేం చెప్పేది?"

"ముందు కూర్చో. నీళ్ళు తాగు" అన్నాను.

"ఆ పేపరు వచ్చినప్పట్నుంచి ఇది సరిగా అన్నం తినిండేది లేదమ్మా" అన్నాడు మునెప్ప. "మా డైరీకి వచ్చి పక్కూరి సెక్రెట్రీలు అడగతా ఉండారు. మీ కూతురు ప్రోగ్రాం వాడితే మమ్మల్ని కూడా కోర్టుకు పిలుస్తారా అప్పా అని. నేనేం చెప్పల?"

సంగతి ఇది. డైరీలో రెండు పూటలా రైతులు పాలు పోస్తారు. ఒక్కొక్కరి పాలు తూచి, వెన్న శాతం చూసి, చీటీ ఇవ్వాలి. ఆ పనంతా చేసే ప్రోగ్రాంని నాగరత్న మొదట వాళ్ళ నాయన కోసం రాసింది. బాగుందని ముళబాగిలు తాలూకాలో ఇంకొన్ని డైరీలు అడిగి పెట్టించుకున్నాయి. బెంగళూరు కంపెనీ ఒకటి ఈ మాట విని, చూపించమని పిలిచింది. ఈమె పోయి చూపించి, వాళ్ళు అడిగితే ఒక కాపీ కూడా వదిలిపెట్టి వచ్చింది. సంతకాలు లేవు. తర్వాత వాళ్ళు పలకలేదు. కొన్నాళ్ళకు వేరే జిల్లాల డైరీల్లో ఆ కంపెనీ పేరుతో పాల ప్రోగ్రాం ఒకటి వచ్చింది. ఆ తర్వాత ఈ నోటీసు. మా ఆఫీసుకు వచ్చి మా ప్రోగ్రాం చూసి కాపీ కొట్టావు, అన్ని డైరీల నుంచి నీది తీసెయ్యి, లేకపోతే దావా.

ఆమె పని పోతుందన్నది ఒక ఎత్తు. ఊరూరా దొంగ అనిపించుకోవడం ఇంకో ఎత్తు. పాలు పోయడానికి వచ్చే ఆడవాళ్ళు కూడా తనను అదోలా చూస్తున్నారని చెప్పి ఆమె ఏడ్చేసింది.

ఇక్కడ చట్టం గురించి నాలుగు మాటలు చెప్పాలి. ప్రోగ్రాం రాసేవాళ్ళు మనిషి చదవగల భాషలో రాస్తారు. దాన్ని సోర్సు అంటారు. మిషనుకు ఆ భాష అర్థం కాదు. కాబట్టి ఇంకో ప్రోగ్రాం దాన్ని మిషను రూపంలోకి మారుస్తుంది. అమ్మేది ఆ మారిన రూపాన్నే. దాన్ని తెరిచి చూస్తే మనకు ఒక్క ముక్క అర్థం కాదు. కానీ చట్టం కళ్ళకు రెండూ ఒకటే రచన. మాటల్లో ఉన్నా, గుర్తుల్లో ఉన్నా, మిషను మాత్రమే చదవగల రూపంలో ఉన్నా అది రాసినవాళ్ళదే. రిజిస్టరు చేయించుకోకపోయినా హక్కు పోదు. ఆ హక్కు ఇంకొకరికి పోవాలంటే రాతకోతలు, సంతకం ఉండాలి. రాయిని పొడి చేసినా సొంతదారు మారడన్న ఆ జడ్జి మాట నాకు వెంటనే గుర్తొచ్చింది.

అయితే పాల లెక్క కట్టడం అనే ఆలోచన మీద ఎవరికీ హక్కు లేదు. ఎవరైనా తమంతట తాము ఇంకో పాల ప్రోగ్రాం రాసుకోవచ్చు. కంపెనీ పట్టుకున్నది సరిగ్గా ఈ కొమ్మనే. నేను తిరుగు నోటీసు పంపితే, మేమే రాసుకున్నాం అన్నారు. సోర్సు చూపించండయ్యా అంటే, వ్యాపార రహస్యం అన్నారు. మిషను రూపం మాత్రం ఇస్తాం, చూసుకోండి అన్నారు. పైకి చూస్తే రంగులు వేరు, బొమ్మలు వేరు, ఈమెది కన్నడంలో ఉంటే వాళ్ళది ఇంగ్లీషులో ఉంది. లోపల ఉన్నది ఈమె రాతే అని చూపించడం ఎట్లా?

ఊరికే ఇచ్చింది అనాథ కాదు

నేను నాగరత్నను అడిగిన మొదటి ప్రశ్న ఆమెకు నచ్చలేదు. "ఇదంతా నువ్వే రాశావా? ఇంకెవరి ముక్కైనా ఉందా ఇందులో?"

నసుగుతూ చెప్పింది. చీటీ మీద కన్నడ అక్షరాలు సరిగా అచ్చు పడటానికి, ఎవరో ముక్కూముఖం తెలియనివాళ్ళు రాసి ఇంటర్నెట్లో ఊరికే పెట్టిన ముక్క ఒకటి తెచ్చి తన ప్రోగ్రాంలో అల్లేసింది. "అది ఫ్రీ లాయరమ్మా" అంది.

కుర్ర లాయర్లు చాలామంది పడే గుంట ఇదే. ఊరికే ఇచ్చారంటే దిక్కులేని సొత్తు అనుకుంటారు. దానికీ సొంతదారు ఉంటాడు. డబ్బు బదులు షరతు పెడతాడు. ఈ ముక్కకు ఉన్న షరతు ఏమంటే, దీన్ని మీ ప్రోగ్రాంలో కలిపి ఎవరికైనా ఇస్తే, మీ ప్రోగ్రాం సోర్సు కూడా వాళ్ళకు ఇవ్వాలి, వాళ్ళు మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. రాసినవాళ్ళ పేర్లు మాత్రం చెరపకూడదు.

కలపడం అన్నా అన్నీ ఒకటి కాదు. క్యారియర్లో అన్నం ఒక గిన్నెలో, పులుసు ఇంకో గిన్నెలో పక్కపక్కనే మోసుకుపోతే ఏ గిన్నె దానిదే. రెండూ కలిపి ఉడికించి బిసిబేళెబాత్ చేశాక ఇంక విడదీయలేం. రెండు ప్రోగ్రాంలు ఒకే డిస్కులో పక్కపక్కన ఉంటే ఒకదాని షరతు ఇంకోదాన్ని తాకదు. అల్లుకుపోయి ఒకటిగా నడిస్తే తాకుతుంది. ఈ రెంటికీ మధ్య గీత సరిగ్గా ఎక్కడ గీయాలో మన కోర్టులు ఇంకా పూర్తిగా తేల్చలేదు. తేల్చేశాయని చెప్పే లాయరును నమ్మకండి. నాగరత్న చేసింది మాత్రం బిసిబేళెబాతే.

"నువ్వు డైరీలకు సోర్సు ఇచ్చావా?"

"మిషను రూపమే ఇచ్చినాను. సోర్సు ఎందుకు ఇస్తాను?"

"అయితే ఇప్పుడు ఇవ్వాలి. నీ ప్రోగ్రాం వాడే ప్రతి డైరీకి, ఆ షరతు కాగితంతో సహా."

ఆమె లేచి నిలబడింది. "నా కష్టమంతా పెన్‌డ్రైవుల్లో పెట్టి ఊరూరా పంచమంటారా? దొంగతనం చేసినోళ్ళని వదిలేసి నన్ను ఇవ్వమంటారేమి?"

"వాళ్ళ లాయరు మొదట అడగబోయేది ఇదే. మా మీద దావా వేసిన మనిషి తాను ఇంకొకరి షరతు తొక్కింది అంటాడు. అప్పుడు నువ్వు తల ఎక్కడ పెట్టుకుంటావు? ఆ ముక్క రాసినవాళ్ళు కూడా నీలాగే కష్టపడ్డారు."

"సోర్సు చేతికొస్తే ఇంగ నన్నెవరు పిలుస్తారు?"

నాకు జవాబు తెలియదు. తెలియదనే చెప్పాను. ఆమె మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది. నాలుగు రోజులు ఫోను లేదు. ఈ కేసు ఇంతటితో సరి అనుకున్నాను. ఐదోరోజు మునెప్ప వచ్చి గుమ్మంలో నిలబడి నవ్వాడు. "ఇచ్చేసిందమ్మా. మొదట మా డైరీకే ఇచ్చింది. నాకు ఏం అర్థమయితాది, బీరువాలో పెట్టినాను."

గంగమ్మ పూట

మా సీనియర్ మాట ప్రకారం ఒక సాయంత్రం పోయి మునెప్ప డైరీలో కూర్చున్నాను. రైతులు, ఆడవాళ్ళు సీమావుల పాలు క్యాన్లలో తెస్తున్నారు. మునెప్ప మిషను దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ పలకరిస్తూ పోయించుకుంటున్నాడు. నాగరత్న పక్కన కూర్చుని చీటీలు ఇస్తోంది. ఏడాదిలో ఏ పూటైనా డైరీ మూస్తారా అని ఊరికే మాట కోసం అడిగాను.

"మూసేదేముందమ్మా, ఆవు మూసుకుంటాదా? జాతర పూట ఒక్కటే లేదు. ఉగాది అయినాక రెండో మంగళవారం సాయంత్రం మా ఊళ్ళో పాలు అమ్మకూడదు. ఆ పూట పాలన్నీ గంగమ్మ పాయసానికే. ఎవరన్నా తెలీక తెచ్చినా మిషనే తీసుకోదు. మా పాప అట్లా రాసిపెట్టింది" అన్నాడు గర్వంగా.

నేను కుర్చీలో నుంచి లేచాను. "నాగరత్నా! ఏమ్మా, ఇది ప్రోగ్రాంలో ఉందా?"

నాగరత్న సిగ్గుపడింది. "అప్పుడు ఒక్క నాయన డైరీ కోసమే కదా రాసింది లాయరమ్మా. నాయన మరీ మరీ చెప్పినాడు. ప్రోగ్రాం కడుపులోనే పెట్టేసినాను. అట్లా పెట్టకూడదు, తప్పే. ప్రతి ఏడూ ఉగాదిని లెక్కగట్టుకుని అదే ఆపేస్తాది. పక్క ఊళ్ళ డైరీలకు ఇచ్చేటప్పుడు, వాళ్ళకు ఆ పూట ఆగకుండా ఒక మీట నొక్కి ఇచ్చేదాన్ని."

"కంపెనీకి ఇచ్చిన కాపీలో?"

"అది మా డైరీ కాపీనే. మీట నొక్కలేదు. దాని సంగతి వాళ్ళకు చెప్పనేలేదు. వాళ్ళు అమ్మేది మొదలైనాక ఇంకా ఉగాది రాలేదు గదా, తెలిసుండదు."

మొదట నాకు నవ్వొచ్చింది. తర్వాత నాగరత్నను పట్టుకుని గట్టిగా వాటేసుకున్నాను. డైరీలో ఉన్నవాళ్ళంతా మమ్మల్ని వింతగా చూశారు. ఈ సంగతి కోర్టు దాకా ఎవరితోనూ అనవద్దని ఇద్దరితోనూ ఒట్టు వేయించుకున్నాను.

కోలారు కోర్టులో

వాళ్ళు వేసేలోగా మేమే కోలారులో దావా వేశాం. విచారణలో కంపెనీవాళ్ళు తమ మేనేజరును సాక్షిగా పెట్టి, తమ మిషనును కూడా తెచ్చి బల్ల మీద పెట్టారు. తమది ఎంత వేరుగా ఉందో చూపించాలని వాళ్ళ ఉబలాటం. నేను అడ్డు చెప్పలేదు. పైగా సహకరించాను. మేనేజరు రంగులన్నీ చూపించాక నా వంతు వచ్చింది.

"మీ ప్రోగ్రాం ఏడాదంతా రెండు పూటలా పాలు తీసుకుంటుందా?"

"ఒక్క పూట కూడా ఆగదు మేడం. అదే మా ప్రత్యేకత."

"సంతోషం. తేదీ మారుస్తారా?" జాతర మంగళవారం తేదీ చెప్పాను. ఉదయం పూట పెట్టమన్నాను. పాలు తీసుకుంది. "ఇప్పుడు సాయంత్రం పెట్టండి."

తీసుకోలేదు. ఈ పూట పాలు తీసుకోబడవు అని ఇంగ్లీషులో వచ్చింది. మేనేజరు మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అదే. బుధవారం పెట్టమన్నాను. చక్కగా తీసుకుంది. జడ్జి ముందుకు వంగాడు.

"ఎందుకు ఆగింది?" అడిగాను.

"ఏదో బగ్ అయి ఉంటుంది."

"బగ్గే అనుకుందాం. ఈసారి వచ్చే ఏడాది పెట్టండి." వచ్చే ఏడాది జాతర తేదీ చెప్పాను. ఆ తేదీ వేరు. సాయంత్రం మళ్ళీ ఆగింది. "మేనేజరుగారూ, ఉగాది ఎప్పుడొస్తుందో చూసుకుని వచ్చే బగ్గును మీరు ఎప్పుడైనా చూశారా? మీ బెంగళూరు ఆఫీసులో ఆ సాయంత్రం పాలు ఎవరికి పోస్తారు?"

నేను నాగరత్న సోర్సులో ఆ వరసలు తెరిచి జడ్జికి చూపించాను. మునెప్పను సాక్షిగా పిలిచాను. ఆయన చేతులు కట్టుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. "ఆ పూట పాలు అమ్మితే ఆవు ఎగదన్నుతాదని మా అవ్వ చెప్పేది సార్. మాది ఒక్క ఊరి ఆచారం. పక్కూళ్ళో కూడా లేదు." జడ్జి నవ్వు ఆపుకోవడానికి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

అవతలి లాయరు గట్టివాడే. లేచి, ఆమె ప్రోగ్రాం ఎవరైనా వాడుకోవచ్చనే షరతు కింద ఉంది కదా, మా కక్షిదారు ఆ ప్రకారమే తీసుకున్నాడనుకోవచ్చు అన్నాడు. నేను ఎదురుచూస్తున్నది అదే. "చాలా మంచిది. అంటే ఆమెదే తీసుకున్నామని ఒప్పుకున్నట్టు. మరి ఆ షరతులోనే రాసినవాళ్ళ పేరు ఉంచాలని, కొన్న ప్రతి డైరీకి సోర్సు ఇవ్వాలని ఉంది. ఇచ్చారా?" నాగరత్న ఆ నాలుగు రోజుల అలక మాని ఊరూరా పంచి ఉండకపోతే ఈ ప్రశ్న అడగడానికి నాకు నోరు ఉండేది కాదు.

వాయిదా అడిగారు. వరండాలోనే రాజీకి వచ్చారు. హక్కు మొత్తం మాకు రాసిచ్చేయండి, మీరే రేటు చెప్పండి అన్నారు. నాగరత్న నావైపు చూసింది. నేను గోడవైపు చూశాను. కక్షిదారు మనసు తేల్చుకునేటప్పుడు లాయరు ముఖంలో ఏమీ కనబడకూడదు.

"నోటీసు తప్పని రాసివ్వండి" అంది ఆమె. "మీరు అమ్మిన ప్రతి డైరీకి సోర్సు ఇవ్వండి, నా పేరుతో. అంతే."

"సోర్సు ఇస్తే ఇంగ మేము అమ్మేదేముంటాదమ్మా?" అన్నాడు మేనేజరు, పాపం.

"నేనూ మొదట ఇదే అడిగినాను. బాగా పని చేస్తే పిలుస్తారు, పొండి" అంది. నేను నేర్పని మాట అది. నాకు కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు కూడా.

మళ్ళీ ఉగాది తర్వాత రెండో మంగళవారం మునెప్ప నన్ను జాతరకు పిలిచాడు. పాయసం గంగాళం పొయ్యి మీద ఉంది. ఊరి పాలన్నీ అందులోనే పడ్డాయి. ఇదివరకు నాగరత్నను అదోలా చూసిన ఆడవాళ్ళే గరిటె ఆమె చేతికిచ్చి తిప్పమన్నారు. అప్పుడే ఆమె ఫోను మోగింది. హాసన్ వైపు ఎక్కడో ఒక డైరీ సెక్రెట్రీ. సోర్సులో ఆమె పేరు, నంబరు చూసి చేశాడు. ఆమె స్పీకర్ పెట్టింది. మాకందరికీ వినబడుతోంది.

సాయంత్రం నుంచి మిషను పాలు తీసుకోవడం లేదని, తమ ఊరి ఇంజనీరు సోర్సు తెరిచి కారణం కనిపెట్టాడని, అక్కడ గంగమ్మ అని రాసి ఉందని ఆయన కన్నడంలో చెప్పాడు. నాగరత్న గాభరాపడి, క్షమించండి, ఆ వరసలు ఎట్లా తీసెయ్యాలో ఇప్పుడే చెబుతానంది.

"వద్దమ్మా. తీసెయ్యడం మా పిల్లోడికి తెలుసు" అన్నాడాయన. "మా ముసలివాళ్ళు ఒప్పుకోవడం లేదు. అంత దూరం నుంచి అమ్మవారు వెతుక్కుంటూ వస్తే వెళ్ళగొడతారా అంటున్నారు. ఈ పూట పాలతో ఏం చేయాలో చెప్పు. అది అడగడానికే చేశాను."

మునెప్ప ఫోను లాక్కున్నాడు.

"పాయసం చేయండప్పా" అన్నాడు. "బియ్యం కొత్తవి వేయండి. బెల్లం కడాన వేయండి, ముందే వేస్తే పాలు విరుగుతాయి."